కొయ్య పడవ అడుగుకు ఫైబర్ గ్లాసు తొడుగు: గంజాం తీరంలో సొంతంగా వేసుకునేవారికి

సొంతంగా కట్టుకున్న చిన్న కొయ్య పడవకు అడుగునా పక్కలకూ గాజు పీచుతో నేసిన ఫైబర్ గుడ్డను రెసిన్‌తో (ఆరితే గట్టిపడే జిగురు ద్రవంతో) అతికించి తొడుగు వేస్తే నీరు కొయ్యలోకి ఇంకదు, ఉప్పునీటిలో కొయ్యను తొలిచే పురుగుకు దారి మూసుకుపోతుంది, ఒడ్డున లాగేటప్పుడు కలిగే అరుగుదల కొయ్య మీద కాక తొడుగు మీద పడుతుంది. ఒడిశాలోని గంజాం జిల్లాలో గోపాలపూర్, సోనాపూర్ తీరాల్లో పడవను ఇసుక మీదుగా ఈడ్వక తప్పదు. రంభ దగ్గర చిలికా సరస్సు నీరు ఉప్పగా ఉండి, వానల తర్వాత ఆ ఉప్పదనం కాస్త తగ్గుతుంది. రెండు చోట్లా ఈ తొడుగు బాగా పనికివస్తుంది. అయితే ఆ మేలంతా గుడ్డ కొయ్యను విడవకుండా పట్టుకున్నంత వరకే. పట్టు వదిలిన తొడుగు అసలు తొడుగు లేకపోవడం కంటే చెడ్డది. దానికీ కొయ్యకూ నడుమ చేరిన నీరు ఎండే దారి లేక లోలోపలే కొయ్యను కుళ్ళబెడుతుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుచేత ఇక్కడ గుడ్డ పరిచే పని కంటే, దానికి ముందు కొయ్యను సిద్ధం చేసే పనికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఏ పడవకు తగును, ఏ పడవకు తగదు

మెరైన్ ప్లైవుడ్ పలకలను ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ఒక రకం రెసిన్‌తో) అతికించి కట్టిన పడవకు, లేదా సన్నని బద్దలను పక్కపక్కన జిగురుతో అంటించి కట్టిన పడవకు తొడుగు చక్కగా నిలుస్తుంది, ఎందుకంటే వాటిలో కొయ్యంతా కలిసి కదలకుండా ఒకే ముక్కగా ఉంటుంది. పలకలను మేకులతో బిగించి సందుల్లో నారా గుగ్గిలమూ కూరిన నాటు పడవకు గాని, పలకలను తాడుతో కుట్టి కట్టే మసూలా పడవకు గాని ఇది తగదు. ఆ పడవల్లో పలకలు నీటిలో ఉబ్బుతాయి, ఎండలో ముడుచుకుంటాయి, అల తగిలినప్పుడు ఒకదానిమీద ఒకటి కాస్త కదులుతాయి. అవి అలా కదలాలనే కట్టిన పడవలు. కదిలే సందు మీద కదలని గుడ్డ వేస్తే సరిగ్గా ఆ సందు వెంబడే అది చిట్లుతుంది. ఏళ్ల తరబడి చేపనూనె, తారు, జీడిపిక్కల నూనె తాగిన పాత కొయ్య సంగతీ అంతే. ఎంత గీకినా లోపలి నూనె మళ్ళీ పైకి ఊరుతుంది, ఏ రెసిన్ దానికి పట్టదు. పాత నాటు పడవను తొడుగుతో బతికించుకోవాలనుకునేవారు ఆ డబ్బును పాడైన పలకలు మార్చడానికి ఖర్చు చేయడమే మంచిదని నా అభిప్రాయం.

ప్లైవుడ్ కొనేటప్పుడు ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ రకాన్నే తీసుకోవాలి. ఐ.ఎస్. 303 ముద్రతో వచ్చే రకం ఇంటి సామాన్లకు ఉద్దేశించినది. దుకాణంలో దాన్నీ వాటర్‌ప్రూఫ్ అనే అమ్ముతారు. 12 నుంచి 14 అడుగుల పడవకు 6 మి.మీ. మందం సాధారణంగా సరిపోతుంది. కొన్న పలక నుంచి అరచేతి ముక్కను కోసి కొన్ని గంటలు నీటిలో ఉడికించి చూడండి. పొరలు విడిపోతే ఆ పలక పడవకు పనికిరాదు, దాని మీద ఎంత మంచి తొడుగు వేసినా లాభం లేదు.

రెసిన్, గుడ్డ

మన తీరంలో అచ్చుపోసిన ఫైబర్ పడవలను బాగుచేసే పనివారు వాడేది పాలిస్టర్ అనే మరో రకం రెసిన్, చాప్డ్ మ్యాట్ (నేయకుండా పొట్టి గాజు పీచును అంటించి చేసిన చాప). ఆ పడవలకు అదే సరైన పద్ధతి, ఎందుకంటే అక్కడ కొత్త రెసిన్ అంటుకోవలసింది అదే జాతి పాత రెసిన్‌కు. కొయ్య విషయం వేరు. పాలిస్టర్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది; కొయ్యకు దాని పట్టు మొదటి నుంచీ తక్కువే; కొయ్య కాస్త ఉబ్బినా దానితోపాటు సాగలేక పగులుతుంది. కొత్తలో ఎంతో గట్టిగా కనిపించిన మ్యాట్ కొన్ని వానాకాలాలు గడిచాక అంచు దగ్గర లేస్తుంది, వేలు దూర్చి లాగితే పెద్ద రేకుగా ఊడివస్తుంది. ఆ రేకును తిప్పి లోపలివైపు చూడండి. నున్నగా మెరుస్తూ ఉంటుంది, ఒక్క కొయ్య నార కూడా దానికి అంటి ఉండదు. అంటే అది ఏనాడూ కొయ్యను పట్టుకోలేదన్నమాట.

కాబట్టి కొయ్యకు ఎపాక్సీయే వాడాలి. ధర పాలిస్టర్ కంటే బాగా ఎక్కువ. ఖర్చు తగ్గించుకోవాలంటే గుడ్డ బరువు తగ్గించుకోండి, పక్కలకు ఒక పొరతో సరిపెట్టుకోండి, అంతేగాని చవక రెసిన్ వైపు వెళ్ళకండి. ఎపాక్సీతో చాప్డ్ మ్యాట్ వాడకూడదు. ఆ మ్యాట్‌లోని పీచును కలిపి ఉంచే బంధకం పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్‌కు కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు గనుక మ్యాట్ మెత్తబడక మూలల్లో బిర్రుగా నిలిచిపోతుంది, రెసిన్ మాత్రం విపరీతంగా తాగుతుంది. నేసిన గుడ్డే కావాలి. చదరపు మీటరుకు 200 గ్రాముల బరువున్న సాదా నేత గుడ్డ చిన్న పడవకు అనుకూలం. కొనేటప్పుడు అది ఎపాక్సీకి పనికివచ్చే పూత ఉన్న గుడ్డేనా అని అడగాలి. మడతపెట్టి ఇస్తే తీసుకోకుండా గొట్టానికి చుట్టించుకోవాలి, ఎందుకంటే మడత గీత రెసిన్ పోసిన తరువాత కూడా గాలిని పట్టి ఉంచుతుంది. బరంపురంలో దొరకకపోతే విశాఖపట్నం నుంచి తెప్పించుకోవలసి ఉంటుంది. హార్డెనర్‌లో (ఎపాక్సీని గట్టిపరచడానికి కలిపే రెండో భాగంలో) నెమ్మదిగా పనిచేసే రకాన్ని అడగండి. మన వేడికి వేగపు రకం గిన్నెలోనే గట్టిపడుతుంది.

ఎంత కొనాలో ముందే లెక్క వేసుకోవచ్చు. తొడుగు వేసే భాగం 8 చదరపు మీటర్లు అనుకుందాం. తొలి పూతకు చదరపు మీటరుకు 150 గ్రాముల చొప్పున 1.2 కిలోలు, 200 గ్రాముల గుడ్డను తడపడానికి 250 గ్రాముల చొప్పున 2 కిలోలు, నేత నిండేలా వేసే రెండు పూతలకు కలిపి 2.4 కిలోలు, మొత్తం 5.6 కిలోలు అవుతుంది. గిన్నెకూ రోలరుకూ అంటిపోయేది, మూలలు పూడ్చడానికి పట్టేది కలుపుకుంటే 7 కిలోలు తెచ్చుకోవాలి. అడుగున రెండో పొర వేస్తే దానికి వేరుగా లెక్కించాలి. సగం పనిలో రెసిన్ అయిపోతే మిగిలిన సగం అతుకు ఎప్పటికీ మొదటి సగమంత బాగా రాదు, కాబట్టి కొంచెం మిగిలినా ఫరవాలేదు.

రెసిన్, హార్డెనర్ కలిపే నిష్పత్తి రకాన్ని బట్టి మారుతుంది. డబ్బా మీద రాసిన నిష్పత్తిని చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద తూచి పాటించాలి. డబ్బా మీద ఉన్నది బరువు లెక్కా, కొలత లెక్కా అన్నది కూడా చూసుకోవాలి. పాలిస్టర్‌లో దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ కాస్త పెంచితే త్వరగా గట్టిపడుతుంది. ఆ అలవాటుతో ఎపాక్సీలో హార్డెనర్ పెంచితే అది త్వరగా గట్టిపడదు సరికదా, ఎన్నాళ్ళు ఉంచినా జిగటగానే మిగులుతుంది. దాన్ని గీకి పారేయడం తప్ప వేరే దారి ఉండదు. వేరే పనికి పాలిస్టర్ ఎవరైనా వాడవలసివస్తే ఒక్కటి గుర్తుంచుకోవాలి: పాలిస్టర్‌ను త్వరపరచడానికి వేసే కోబాల్ట్‌ను, ఎం.ఇ.కె.పి. అనే క్యాటలిస్ట్‌ను ఎన్నడూ నేరుగా కలపకూడదు, కలిపితే మంట లేచి పేలే ప్రమాదం ఉంది.

పడవ మీదికి వెళ్ళే ముందు పట్టు పరీక్ష ఒకటి చేయాలి. పడవకు వాడిన కొయ్య ముక్కనే తీసుకుని, పడవకు చేయబోయే విధంగానే గరుకు పెట్టి, వేలెడు వెడల్పు గుడ్డ పట్టీని ఒక కొస వదులుగా ఉండేలా అదే రెసిన్‌తో అతికించండి. నాలుగైదు రోజులు గట్టిపడనిచ్చి ఆ వదులు కొసను పట్టకారుతో లాగండి. పట్టీ వెంట కొయ్య నారలు చీలి వస్తే పట్టు కొయ్య కంటే బలంగా ఉందని అర్థం, నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చు. పట్టీ శుభ్రంగా ఊడివస్తే కొయ్యలో తేమో, నూనో, కలిపిన నిష్పత్తిలో తేడానో ఉంది. అదేమిటో తేలేవరకు పడవ జోలికి వెళ్ళకూడదు. ఏరాకు (పడవ అడుగున నడుమ నిడివిగా ఉండే దూలానికి) టేకు వాడినవారు ఈ పరీక్షను తప్పకుండా చేయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది గనుక గరుకు పెట్టి, అసిటోన్‌లో తడిపిన తెల్ల గుడ్డతో తుడిచి, అది ఆరగానే ఆలస్యం చేయకుండా రెసిన్ రాయాలి.

కొయ్యను సిద్ధం చేయడం

పడవను బోర్లించి, నడుము ఎత్తులో బల్లల మీద నిలిపి, పైన కప్పు ఉన్న పాకలో ఉంచాలి. ఎండా వానా నేరుగా తగిలే చోట ఈ పని చేయకూడదు. కొయ్యలో తేమ 15 శాతం మించకూడదు, 12 దగ్గర ఉంటే చాలా మంచిది. తేమ కొలిచే మీటరు లేకపోతే అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో కొయ్యకు అంటించి, ఈ ఒక్క పరీక్షకు మాత్రం ఆ భాగానికి ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు ఎండ తగలనివ్వండి. కాగితం లోపల చెమట పడితే కొయ్య ఇంకా ఆరలేదు.

మేకుల తలలు, స్క్రూ గుంతలు అన్నీ ఎపాక్సీలో మెత్తని రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడ్చాలి. గుడ్డ పదునైన మూల మీద వంగదు, అక్కడ లేచి గాలి బుడగ నిలుస్తుంది. అందువల్ల బయటి అంచులన్నిటినీ కనీసం 6 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేయాలి. రూపాయి నాణెం వంపుకు సరిపోయేలా చేస్తే ఇంకా సుఖం, దాని వ్యాసార్ధం సుమారు 10 నుంచి 11 మి.మీ. ఉంటుంది. అయితే 6 మి.మీ. ప్లైవుడ్ అంచును అంతగా అరగదీస్తే అతుకు పలచబడుతుంది కాబట్టి, ముందుగా లోపలివైపు మూలను పొట్టు ముద్దతో దట్టంగా పూడ్చి, అది గట్టిపడ్డాకే బయట అరగదీయాలి. ఏరా అడుగును కలిసే లోపలి మూలలోనూ అదే ముద్దను వేలితో జార్చి వంపుగా తీర్చాలి. ప్లైవుడ్ కోసిన అంచులు నీటిని అన్నిటికంటే ఎక్కువగా తాగుతాయి. వాటికి రెసిన్ రాసి, ఇంకిపోగానే మళ్ళీ రాసి, ఇక తాగనంత వరకు రాస్తూనే ఉండాలి.

తరువాత 80 నంబరు ఎమరీ కాగితంతో ఉపరితలమంతా గరుకు చేయాలి. నునుపు కోసం ఇంకా సన్నని కాగితం వాడవద్దు, పట్టుకు గరుకే కావాలి. దుమ్మును బ్రష్‌తో దులిపి, ఉతికిన పొడి నూలు గుడ్డతో తుడిచిన తరువాత ఆ కొయ్యను ఒట్టి చేత్తో తాకకూడదు. తలకు రాసుకున్న కొబ్బరినూనె, ఒంటి చెమట చేతి ద్వారా కొయ్యకు అంటితే ఆ మచ్చ ఉన్న చోటే రెసిన్ వెనక్కి ముడుచుకుంటుంది. కిరోసిన్‌తో తుడవడం కూడా అటువంటి పొరపాటే.

కాలం, వేళ

యాంత్రిక పడవల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది, ఆ రోజుల్లో తీరమంతా పడవల మరమ్మతులు జరుగుతాయి గనుక చాలామంది ఈ పనినీ అప్పటికే అట్టిపెడతారు. అప్పటి వేడికి రెసిన్ చేతికి అందకుండా గట్టిపడుతుంది, గాలిలో తేమ కూడా ఎక్కువ. వానాకాలం సంగతి చెప్పనక్కర్లేదు. అక్టోబరు తుఫానుల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస వైపు దాటింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు కొయ్య బాగా ఆరి ఉంటుంది, పగటి వేడి 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఈ పనికి అదే కాలం.

రోజులో వేళ కూడా ముఖ్యమే. కొయ్య నారల్లో గాలి ఉంటుంది. పొద్దున్నే పూత వేస్తే, ఎండ ఎక్కేకొద్దీ ఆ గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా పైకి వస్తుంది. గుడ్డ పరిచి ఉంటే ప్రతి బుడగా గుడ్డ కింద ఒక గుల్ల అవుతుంది. పగటి వేడి తగ్గుముఖం పట్టాక, అంటే మధ్యాహ్నం మూడు దాటాక వేస్తే గాలి సంకోచించి రెసిన్‌ను తానే లోపలికి లాక్కుంటుంది. కాకపోతే చలికాలంలో చీకటిపడ్డాక మంచు దిగుతుంది, గట్టిపడని ఎపాక్సీ మీద ఆ తేమ పడితే పైన జిడ్డు పొర ఏర్పడుతుంది. అందుకే కప్పున్న పాక కావాలన్నాను. సముద్రం వైపు టార్పాలిన్ కూడా దించుకోవాలి.

పూత, గుడ్డ

చేతులకు పలచని రబ్బరు తొడుగుల కంటే నైట్రైల్ తొడుగులు నయం. చర్మానికి ఎపాక్సీ పదేపదే తగిలితే దురద, దద్దుర్లు మొదలై, ఆ పడని గుణం జన్మంతా వదలకపోవచ్చు. అంటిన రెసిన్‌ను అసిటోన్‌తో కడిగితే అది ఇంకా లోపలికి దిగుతుంది, సబ్బుతోనే కడగాలి. రాపిడి దుమ్ముకు మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకూడదు.

ఒక్కసారికి 300 గ్రాములకు మించి కలపవద్దు. మూలమూలలా గీకుతూ రెండు నిమిషాలు కలిపి, వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పోసుకోవాలి. లోతు గిన్నెలో ఉంచితే తన వేడికి తానే ఉడికి, పొగలు కక్కి గట్టిపడుతుంది.

గుడ్డ లేకుండా తొలి పూతను రోలరుతో పలచగా రాసి కొయ్యను తాగనివ్వాలి. పొడిబారినట్టు కనిపించే చోట మళ్ళీ రాయాలి. అది వేలికి అంటీ అంటనట్టు అయ్యాక గుడ్డ పరచవచ్చు, అప్పుడు రెండు పూతలూ రసాయనికంగా ఒకటవుతాయి. మరునాటికి వాయిదా పడితే నీటితో కడిగి, గరుకు పెట్టి మొదలుపెట్టాలి. కొత్తవారికి మరునాటి పద్ధతే మేలని నేననుకుంటాను, ఎందుకంటే గట్టిపడ్డ పూత మీద పొడి గుడ్డను తీరుబడిగా సర్దుకోవచ్చు, జిగట మీద పడిన గుడ్డ జరగదు.

అణియం (పడవ ముందు కొస) నుంచి అమరం (వెనుక కొస) వరకు ఒకే నిడివి గుడ్డను పరిచి, ఏరా నుంచి రెండు పక్కలకూ అరచేత్తో నిమురుతూ ముడతలు తీయాలి. గుడ్డకు గుడ్డ కలిసే చోట 5 సెం.మీ. ఒకదానిమీద ఒకటి ఉండాలి. ఆ అతుకును మూల అంచు మీద పెట్టుకుంటే అక్కడ రెండు పొరలు వచ్చి అదనపు బలం కలుగుతుంది. రెసిన్‌ను పడవ నడుమ గుడ్డ మీద పోసి, రబ్బరు పలకతో అణియం వైపు, అమరం వైపు, ఆ తరువాత పక్కలకు తోయాలి. నేల వైపు జారే పక్కల మీద రోలరుతో రాయడమే సులువు. తెల్లని గుడ్డ రెసిన్ తాగగానే మాయమై కింది కొయ్య రంగు కనిపిస్తుంది. ఇంకా పాలలా తెల్లగా ఉన్న మచ్చ అంటే రెసిన్ చాలలేదు, లేదా కింద గాలి ఉంది. గుడ్డ నేత కనిపించకుండా తళతళలాడే చోట రెసిన్ ఎక్కువై గుడ్డ తేలుతోంది. అక్కడ రబ్బరు పలకను వాలుగా పట్టి, ఎక్కువైనదాన్ని లాగి వేరే డబ్బాలో వేయాలి. సరిగ్గా తడిసిన గుడ్డ మీద నేత గళ్ళు స్పష్టంగా, మెరుపు లేకుండా కనిపిస్తాయి. పనిచేస్తున్నంతసేపూ దీన్నే చూస్తూ ఉండాలి, తక్కినవన్నీ తరువాత దిద్దుకోవచ్చు.

ఇసుక మీద లాగే పడవకు అడుగు భాగం వరకు రెండో పొర వేయాలి. ఏరా మీద మాత్రం ఇంకో పట్టీ వేసినా మంచిదే. గుడ్డ రబ్బరులా సాగే దశలో ఉండగా, పై అంచున వేలాడుతున్న భాగాన్ని పదునైన బ్లేడుతో కోసేయాలి. గట్టిపడ్డాక అదే పనికి రంపం కావలసివస్తుంది.

నేత నింపడం, రంగు

గుడ్డ గట్టిపడుతున్న కొద్దీ, ఇంకా కాస్త జిగట ఉండగానే నేత గళ్ళు నిండేలా రెండు పలచని పూతలు వేయాలి. ఆ పూతల పని తరువాత రాపిడి పెట్టేటప్పుడు కాగితం గుడ్డను తాకకుండా కాపాడడం. ఒకటి రెండు రోజులయ్యాక మంచినీటితో, గిన్నెలు తోమే పీచుతో రుద్ది కడగాలి. పైన చేరిన జిడ్డు పొర నీటికే పోతుంది. దాన్ని కడగకుండా రాపిడి పెడితే కాగితానికి అంటుకుని ఉపరితలమంతా పూసుకుంటుంది. తరువాత 120 నంబరు కాగితంతో మెరుపు పోయేవరకు రుద్దాలి. గుడ్డ దారాలు కనిపిస్తే ఆ చోట ఆపి మరో పూత వేయాలి.

ఎపాక్సీ ఎండకు తట్టుకోదు, రంగు లేకుండా వదిలితే పసుపుబారి, సుద్దలా రాలుతుంది. రెండు భాగాల పాలియురిథేన్ రంగు ఖరీదైనా ఎక్కువకాలం నిలుస్తుంది. రంగు వేసే ముందు, నీటిలోకి దించే ముందు కనీసం ఒక వారం గట్టిపడనివ్వాలి. పడవ లోపలివైపు కూడా కొయ్యకు రెండు పూతల ఎపాక్సీ వేసి రంగు వేయాలి, లేకపోతే లోపల నిలిచిన వాననీరు కొయ్యలోకి దిగి, బయటి తొడుగు వల్ల బయటికి పోలేక అక్కడే ఉండిపోతుంది. తొడుగు వేశాక ఏ స్క్రూ బిగించినా, ముందు పెద్ద రంధ్రం తొలిచి, దాన్ని ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక నడుమ చిన్న రంధ్రం చేసి బిగించాలి. వాడిన కప్పులు, గుడ్డ ముక్కలు, రాపిడి దుమ్ము చిలికాలోకి గాని, ఇసుకలోకి గాని పోకుండా పట్టా పరిచి పోగుచేయాలి. అదే నీటిలో మనవాళ్ళు వలలు దించుతారు.

ఏటా పడవను ఒడ్డుకు తెచ్చినప్పుడు అడుగంతా నాణెంతో తట్టి చూడండి. గట్టిగా టకటకమనే శబ్దం మధ్య ఎక్కడైనా బోలుగా వినిపిస్తే అక్కడ గుడ్డ లేచినట్టే. ఆ భాగం అంచు వరకు గుడ్డను కోసి తీసేసి, కొయ్యను మళ్ళీ పూర్తిగా ఆరనిచ్చి, చుట్టూ ఉన్న తొడుగును 5 సెం.మీ. మేర వాలుగా అరగదీసి, ముందు చిన్న ముక్క, దాని మీద కాస్త పెద్ద ముక్క వేసి అతికించాలి. కొయ్య ఆరకముందే ఆత్రంగా మూస్తే బోలు అక్కడే మళ్ళీ వస్తుంది, కాబట్టి ఆ సీజనుకు పడవ ఇంకొన్నాళ్ళు ఒడ్డునే ఉన్నా ప్లాస్టిక్ కాగితం కింద చెమట పట్టడం ఆగేవరకు ఆగాలి.